నరం పట్టుకుంటే

జనగామలో మోకాలు వాచినవాళ్ళు దవాఖానకు పోయే ముందు ఒక నూనె దుకాణానికి పోయేవాళ్ళు. స్టేషన్ రోడ్డు మీద పల్లినూనె, నువ్వులనూనె డబ్బాల చొప్పున అమ్మే దుకాణం అది. యజమాని రామ్మోహన్ గల్లా దగ్గర నుంచి లేచి, కుడికాలు కొంచెం ఈడుస్తూ, వచ్చినవాళ్ళను వెనుక గోదాంలోకి తీసుకుపోయేవాడు. అక్కడ గోనెసంచులు పరిచిన బల్ల ఒకటి, గోడకు మనిషి కాలి బొమ్మ ఒకటి, తాళ్ళు కట్టిన తూకపు రాళ్ళు కొన్ని ఉండేవి.

"నేను డాక్టర్ను గాదు," అని మొదటే చెప్పేవాడు. "ఎరుకున్నది చెప్త. ఎరుక లేంది అడిగి చెప్త."

అడిగేది ఎవరినో ఊళ్ళో చాలామందికి తెలుసు. హైదరాబాద్‌లో ఉన్న శారద అనే ఆవిడకు ఉత్తరం రాసేవాడు.

1969లో రామ్మోహన్ పీయూసీ కామర్స్ విద్యార్థి. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి ఉన్నాయి. జూన్‌లో ఒకరోజు స్టేషన్ దగ్గర పోలీసులు తరిమితే అందరితోపాటు పరుగెత్తి ఒక గోదాం ప్రహరీ దూకాడు. మిగతావాళ్ళు లేచి పోయారు. అతని కుడికాలు ఒంటికింద మడతపడి ఉండిపోయింది. కేసు భయంతో ఇంట్లోవాళ్ళు దవాఖానకు తీసుకుపోలేదు. కట్లు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి మూడు నెలలు బిగించాడు. విప్పేసరికి కాలు జొన్నదంటులా అయింది. మోకాలు వంగలేదు.

అప్పుడు హైదరాబాద్ పెద్ద దవాఖానలో చేర్చారు. మందులతో కాకుండా వ్యాయామంతో కీళ్ళను దారికి తెచ్చే గది ఒకటి ఉంటుందని అతనికి అక్కడే తెలిసింది. శారద ఆ గదిలో కొత్తగా చేరిన ఉద్యోగి. రోజుకు ఇంత అని మోకాలు వంచేది. అతను తిట్లకు దిగేవాడు. ఆమె అంకెలు లెక్కపెట్టుకుంటూ పోయేది. ఆరో వారం అతను ఎవరి భుజమూ పట్టుకోకుండా మెట్లు దిగాడు.

ఆ పని తానూ నేర్చుకుంటానన్నాడు. కామర్స్ చదివినవాడికి ఆ కోర్సులో సీటు రాదన్నారు. పైగా ఉద్యమంలో ఏడాది పోయింది. మూడుసార్లు పోయి అడిగాడు. మూడోసారి శారద ఒక చీటీ మీద తన చిరునామా రాసిచ్చింది.

"సందేహం వస్తే రాయండి," అంది. "కాలు చూడకుండా చెప్పమంటే నేను సగమే చెప్పగలను. మిగతా సగం మీరు సరిగ్గా రాయడంలో ఉంటుంది."

పదమూడేళ్ళలో శారద నుంచి నూట పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ దారంతో కుట్టి దాచాడు. ఇంగ్లీషు మాటలు అర్థం కానిచోట, ఎవరినో అడిగి, వాటిపైన పెన్సిల్‌తో తెలుగు రాసుకునేవాడు. రఘునాథపల్లి కబడ్డీ ఆటగాళ్ళు, గంజ్‌లో బస్తాలు మోసి నడుము పట్టుకుపోయిన హమాలీలు, సైకిల్ మీద నుంచి పడ్డ టీచర్లు గోదాం బల్ల మీద పడుకున్నారు. చాలామందికి నయమైంది. నయం కానివాళ్ళను వరంగల్ పంపేవాడు. అతని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

1979లో అతనికి ఒక ఆలోచన వచ్చింది. పల్లె హైస్కూళ్ళలో ఆటల టీచర్ల దగ్గర ఒక విజిల్, ఒక టింక్చర్ సీసా తప్ప ఏమీ ఉండేవి కావు. దెబ్బ తగిలిన పిల్లలకు మాలిష్ చేయించి, మర్నాడు మళ్ళీ ఆడించేవాళ్ళు. శారద చెప్పినవన్నీ ఒక్క కాగితం మీద తేలిక తెలుగులో రాసి, టైపు నేర్పే చోట సైక్లోస్టైల్ నకళ్ళు తీయించాడు. పైన "ఆటగాళ్ళ దెబ్బలకు సలహాలు" అని పేరు. కింద మూడు శీర్షికలు. తోలు లేస్తే. బొక్క విరిగితే. నరం పట్టుకుంటే. నలభై మూడు కాగితాలు నలభై మూడు స్కూళ్ళకు పోస్టులో పోయాయి. తరిగొప్పుల, మానుకోట, బయ్యారం, అటు భూపాలపల్లి దాకా. మొహమాటం కొద్దీ తన పేరు వేసుకోలేదు; రాసింది ఎవరో అడిగి తెలుసుకున్నవాళ్ళకే తెలుసు.

ఆటల గదుల గోడల మీద ఆ కాగితం అంటుకుంది. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. వ్యాయామ టీచర్లు కావాలనుకునేవాళ్ళు బట్టీ పట్టారు.

1982 డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం బయ్యారం నుంచి జగపతి అనే రైతు, తన కూతురు కరుణను వెంటబెట్టుకుని దుకాణం మెట్లెక్కాడు. యాభై ఎకరాల ఆసామి, ఊళ్ళో మాట చెల్లే మనిషి. కూతురికి పదిహేడేళ్ళు. గోడ పట్టుకుని నిలబడింది.

"గీ కాయితం రాసిన సేటు మీరేనట గద," అని జగపతి కూతురు నోటుబుక్కులోంచి చింపిన నకలు జేబులోంచి తీసి మడత విప్పాడు. "మా బిడ్డ ఖోఖో ఆడుతది. జిల్లా జట్టుల ఉండె. నరం పట్టుకున్నది. కాయితంల ఉన్నట్టే జేసినం. తక్కువ కాలే. ఆ సుదర్శన్ సారు గాడు తొందరపెట్టి ఆడిచ్చిండు, అందుకే గిట్లయింది. హెడ్మాస్టర్ తోని మాట్లాడి వాన్ని ఊరు దాటించిన. ఇగ మీరే చూడాలె."

"కూసోండ్రి పటేలా," అన్నాడు రామ్మోహన్. "ఏమయిందో పిల్లను చెప్పనీయండ్రి."

కరుణ బల్ల మీద కూర్చుంది. స్తంభం చుట్టూ తిరిగేటప్పుడు పాదం నేలకు అతుక్కుపోయి, పైకాలు తిరిగిందని చెప్పింది.

"చప్పుడైందా?"

"అయింది సార్. కట్టెపుల్ల ఇరిగినట్టు, లోపల."

"వాపు?"

"గంటల్నే వచ్చింది. నేనే కాయితం చూసిన. సుదర్శన్ సారు దవాఖానకు పోదామన్నడు. నేనే వద్దన్న. కాయితం నాకు నోటికి వస్తది." చెప్పమని ఎవరూ అడగకుండానే చెప్పింది. "నరం పట్టుకుంటే, ఉప్పు మూటతోని కాపడం పెట్టాలె. నాలుగో రోజు నుంచి బైఠకులు తియ్యాలె. ఏడో రోజు ఆడొచ్చు. నేను ఏడో రోజు ఆడిన సార్. రెండోసారి మర్లంగనే మోకాలు జారిపోయింది."

"నీకేం గావాలె బిడ్డా?"

"జూన్‌ల వ్యాయామ కాలేజీ పరీక్ష ఉన్నది. ఉరకాలె."

రామ్మోహన్ ఆమె మోకాలు వంచి, పిక్కను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తనవైపు లాగాడు. ఎముక సొరుగులా ముందుకు జరిగింది. రెండో కాలు లాగితే జరగలేదు. ఇట్లా జరిగితే ఏమిటో శారద ఎప్పుడో రాసింది. అతనికి ఆ ఉత్తరం గుర్తుకొచ్చింది. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. శారదమ్మకు రాసి చెప్తానని పంపించాడు. జగపతి చేతులు జోడించి పోయాడు.

వాళ్ళు పోయాక ఉత్తరాల కట్ట విప్పాడు. దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. 1974లో ఒక హమాలీ తొడ గురించి అడిగితే శారద 'మజిల్' అని రాసింది. కాపడం, నాలుగో రోజు నుంచి కూర్చుని లేచే బైఠకులు ఆ ఉత్తరంలోవే. 1975లో మడమ వెనుక నొప్పికి 'టెండన్' అని రాసింది. 1977లో ఒక కబడ్డీ ఆటగాడి మోకాలికి 'లిగమెంట్' అని రాసి, కింద గీత గీసింది. కాపడం పెట్టొద్దు, తడిగుడ్డ పెట్టాలి, కాలు కదిలించకుండా దవాఖానకు పంపాలి అని ఉంది. మూడు ఉత్తరాల్లోనూ, మూడు మాటల పైనా, అతని పెన్సిల్ రాత ఒకటే. నరం.

ఆ ఆటగాణ్ణి అప్పుడు వరంగల్ పంపాడు కూడా. కాగితం రాసేనాటికి ఉత్తరం మరిచిపోయాడు. పెన్సిల్ మాట గుర్తుంది.

మర్నాడు పొద్దున అతను అంగడి చివరికి పోయాడు. అక్కడ గంగి అనే ముసలామె మేక తలలు, కాళ్ళు కాల్చి అమ్ముతుంది. రామ్మోహన్ వాళ్ళింట్లో ఏడు తరాలుగా కోడిగుడ్డు కూడా గడప తొక్కలేదు. ఆమె పొయ్యి దగ్గర అతను ఆగడం చూసి చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి.

"ఏంది సేటూ, తొవ్వ తప్పినవా?" అంది గంగి.

"లేదవ్వా. మోకాలు చూడాలె."

"ఎవలిది?"

"మ్యాకది."

గంగి పక్క దుకాణాల వైపు తిరిగి కేకేసింది. "ఓ పిల్లలూ, ఇటు సూడుండ్రే! మ్యాకకు మోకాలు నొస్తుందట, నూనె సేటు మందు రాయ వచ్చిండు!" నవ్వులు ఆగాక ఒక పచ్చి కాలు తీసి పీట మీద పెట్టింది. "ముక్కు మూస్కుంటవా, కండ్లు మూస్కుంటవా?"

"రెండూ తెరిసే ఉంచుత. కొయ్యి."

గంగి తోలు తీసింది. "గిది కండ. గీ కండ కొసకు తాడున్నది, సూడు." కత్తి మొనతో తాడు పట్టి గుంజితే చచ్చిన కాలు వంగింది. రామ్మోహన్ ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చాడు.

"మరి గిది?" రెండు ఎముకల మధ్య తెల్లగా, మందంగా ఒక పట్టీ ఉంది.

"గది దేన్నీ గుంజదు. బొక్కను బొక్కకు కట్టి పట్టుకుంటది. బాయి మోటకు కట్టే తోలువారు ఉండదా? గట్ల."

"తెగితే?"

గంగి కత్తి అడ్డంగా వేసింది. రెండు ఎముకలు ఒకదాని మీద ఒకటి జారాయి. "తెగితే ఏముంటది. లొడలొడ."

"దీన్ని నరమనరా అవ్వా?"

"నరమా?" ఆమె కండల మధ్య నుంచి సన్నటి తెల్ల పోగు ఒకటి లాగి చూపింది. "నరమంటే గిది. పానమున్నప్పుడు తాకితె జిల్లుమంటది. వారును పట్టుకొని నరమంటవేంది? అయినా ఎన్నడన్న తిన్నవా, ఎరుకుంటానికి?"

ఆ కబురు అతనికన్నా ముందే ఇల్లు చేరింది. భార్య సరస్వతి వాకిట్లోనే ఆపింది.

"బొక్కల కాడ కూసున్నవట. తానం జేసి లోపలికి రా."

స్నానం చేసి వచ్చాక జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, "ఆ పిల్లకు చెప్పినవా?" అంది.

"ఇంకా లే."

"కాయితం మీద నీ పేరు లేదు గద."

"లేదు."

ఆమె చాట ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. అన్నది ఏ అర్థంతోనో అతనికి తెలియలేదు, అడగలేదు.

వారం తర్వాత శారద జవాబు వచ్చింది. తెగినది దానంతట అది అతుక్కోదు. ఆపరేషన్ చేసేవాళ్ళు తక్కువ, చేసినా ఆటకు పనికొస్తుందని మాట ఇవ్వరు. తొడ కండను గట్టిపరిస్తే నడవవచ్చు, నేరుగా పరుగెత్తవచ్చు. మలుపు మాత్రం నమ్మలేం. చివర ఒక వాక్యం ఉంది. 'మొదటి గంటలో తడిగుడ్డ పెట్టి కదలకుండా ఉంచి ఉంటే, ఏడో రోజు ఆడించకుండా ఉంటే, ఇంత పోయేది కాదేమో.' కాపడం సలహా ఎవరిదో ఆమెకు తెలియదు.

రామ్మోహన్ ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని కాజీపేటలో రైలు మారి బయ్యారం పోయాడు. జగపతి ఇంటి అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగకముందే చెప్పాడు. తప్పు సుదర్శన్‌ది కాదు, పిల్లది కాదు, కాగితానిది. కాగితం రాసింది తాను.

జగపతి మీసం దువ్వుకున్నాడు.

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే?"

"ఆనాడు భయమైంది."

"ఆ పంతులును ఊరి ముంగట తిట్టిన. ట్రాన్స్‌ఫర్ చేయిచ్చిన. భూపాలపల్లి అడివిల పడ్డడు. ఇప్పుడు నా మొకం ఏడ పెట్టుకోవాలె? నీ పేరు చెప్పుకోవాల్నా, నా పేరు చెప్పుకోవాల్నా?"

"నా పేరే చెప్పుండ్రి."

"లే, లేసి పో ఇక్కడి నుంచి."

అతను లేచాడు. గడపలో నిలబడ్డ కరుణ అడిగింది. "జూన్‌ల ఉరుకుతనా సార్? గది చెప్పుండ్రి ముందు."

"నేరుగ ఉరుకుతవు. మర్లితే చెప్పలేను."

"పరీక్షల మర్లుడు ఉంటది."

"ఉంటది."

"అయితే నేర్పుండ్రి," అంది. జగపతి ఏదో అనబోతే తండ్రి వైపు చూడకుండానే, "నీకు వేరే ఎవరన్న ఎరుకున్నరా బాపూ?" అంది. ఆయనకు ఎవరూ తెలియదు.

కరుణ రఘునాథపల్లిలో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ వారానికి నాలుగు రోజులు జనగామ వచ్చింది. మొదట రెండు కిలోల రాయి చీలమండకు కట్టి కాలు లేపడం. తర్వాత అయిదు. ప్రతి కొత్త పనికీ ఒక్కటే అడిగేది.

"గిది గూడ కాయితంల ఉన్నదా సార్?"

"లేదు. శారదమ్మను అడిగిన."

"ఏ మాట రాసి అడిగిన్రు?"

అతను ఉత్తరం నకలు చూపించేవాడు. ఆమె మొత్తం చదివి, అప్పుడు కాలు లేపేది. ఏప్రిల్‌కు తొడ నిండింది. మే నెలలో స్కూలు మైదానంలో వంద మీటర్లు పరుగెత్తితే చూసినవాళ్ళకు ఏ కాలికి దెబ్బో తెలియలేదు. మలుపుకు మాత్రం ప్రతిసారీ ముందే వేగం తగ్గించేది. తగ్గించమని అతనే చెప్పాడు.

జూన్‌లో హైదరాబాద్‌లో జరిగిన పరీక్షకు తండ్రి రాలేదు. రామ్మోహన్, చిన్నమ్మ ఆమె వెంట వెళ్ళారు. వంద మీటర్లు ఆమె మూడో స్థానంలో ముగించింది. తర్వాత చెక్కముక్కల పరుగు. అవతలి గీత దగ్గరున్న ముక్కను తీసుకుని వచ్చి ఇవతల పెట్టి, మళ్ళీ పోయి తేవాలి. మొత్తం మూడు మలుపులు. మొదటి మలుపుకు ఆమె వేగం తగ్గించింది. పక్క పిల్ల దాటిపోయింది. రెండోదానికీ తగ్గించింది. ఇంకొక పిల్ల దాటింది. మూడో మలుపుకు తగ్గించలేదు.

నేల మీద కూర్చుని ఉన్న ఆమె దగ్గరికి ఇద్దరు పోయారు. చేతిలోని చెక్కముక్కను వాళ్ళకు ఇచ్చి, తనంతట తానే లేచింది.

తిరుగు రైలు ఆలేరు దాటింది. చిన్నమ్మ నిద్రపోయింది.

"కొత్త కాయితం రాస్తున్నరా?" అంది కరుణ.

"రాస్తున్న. పాతవన్నీ ఒక్కొక్క బడికి పోయి తెచ్చుకుంట."

"తెచ్చుకుంటరు. రాసుకున్నోళ్ళ నోటుబుక్కులు?"

అతను చేతిసంచీలోంచి కొత్త కాగితం చిత్తు తీసి ఆమెకు ఇచ్చాడు.

"కొత్తదాంట్ల నా ముచ్చట రాయుండ్రి. పాతదాంట్ల గీ తప్పున్నది, దాన్ని నమ్మి ఫలానా పిల్ల కాలు పోగొట్టుకున్నది అని. పేరుతోని."

"నీ పేరెందుకు బిడ్డా?"

"మీ పేరు గూడ రాయుండ్రి. పేరు లేని కాయితాన్ని నమ్మిన గద నేను."

ఆగస్టు నుంచి రామ్మోహన్ వారానికి రెండు రోజులు దుకాణం సరస్వతికి అప్పగించి బస్సులెక్కాడు. కొత్త కాగితంలో గంగి మాటలతోనే ఆరు శీర్షికలు. కండ పట్టుకుంటే. తాడు గుంజితే. వారు తెగితే. నరం జిల్లుమంటే. బొక్క, తోలు పాతవే. వారు తెగితే అన్నదాని కింద కరుణ సంగతి, చివర తన పేరు, దుకాణం చిరునామా. కొందరు హెడ్మాస్టర్లు గోడకు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆడపిల్ల పేరు ఇట్లా వేస్తారా అని ఒకాయన, పిల్లలు ఆటలకే రారని ఒకాయన అన్నారు. అయినా పాత కాగితాలు ఇచ్చారు. ఏడాది పట్టింది. నలభై మూడింట్లో నలభై ఒకటి చేతికొచ్చాయి.

ఒకటి, బయ్యారం బడిది, సుదర్శన్ దగ్గర ఉంది. జగపతి ట్రాన్స్‌ఫర్ రద్దు చేయిస్తానని కబురు పంపినా అతను వెనక్కి రాలేదు. రామ్మోహన్ భూపాలపల్లి పోయి అడిగితే, పెట్టెలోంచి తీసి చూపించి, మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

"గిది ఇయ్య," అన్నాడు. "నేను తప్పు జేయలేదనటానికి నా దగ్గర ఉన్నది గిదొక్కటే."

రెండోది తరిగొప్పుల కాగితం. స్కూలు పాత గది కూలినప్పుడు సామాను ఎవరెవరి ఇళ్ళకో చేరింది. కాగితం ఎవరూ చూడలేదు.

కరుణ టీచర్ ట్రైనింగ్ చేసి మానుకోట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో చేరింది. మళ్ళీ జనగామ రాలేదు. ఏటా జూన్‌లో మాత్రం ఆమె నుంచి రామ్మోహన్‌కు ఒక కార్డు వస్తుంది. క్షేమ సమాచారాలు ఉండవు. 'తరిగొప్పుల కాయితం దొరికిందా?' అని ఒక్క వాక్యం ఉంటుంది.

ఇప్పటికీ గోదాం బల్ల మీద ఎవరు పడుకున్నా రామ్మోహన్ ముందు కాలు పట్టుకోడు. ఏ ఊరు, ఇంటి దగ్గర ఏం చేసి వచ్చావు, అది ఎక్కడ చదివావు అని అడుగుతాడు. తరిగొప్పుల వైపు నుంచి వచ్చినవాళ్ళను నోటుబుక్కు తెమ్మంటాడు. ఈ ఏడాది, 1988లో, వచ్చిన కార్డుకు కూడా జవాబు రాశాడు.

'లేదు. వెతుకుతున్న.'